కౌన్సిల్‌లో తీర్మానం పాసైతే చట్టం వచ్చేసినట్టేనా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినవారి పట్టణంలో పోయిన నెల మున్సిపల్ కౌన్సిల్ సమావేశం జరిగింది. ప్లాస్టిక్ కవర్లు అమ్మితే 5,000 రూపాయల జరిమానా, ఇంటింటికీ నెలనెలా చెత్త ఫీజు, మెయిన్ రోడ్డు మీద తోపుడు బండ్ల తొలగింపు, దుకాణాలకు తెలుగు బోర్డులు, వీధి కుక్కలను పట్టి ఊరవతల వదిలేయడం, ఈ ఐదూ పాసయ్యాయని, రేపటి నుంచి కొత్త చట్టమని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆస్తి పన్ను పెంపు, కొత్త మాస్టర్ ప్లాన్ 'పరిశీలనలో' ఉన్నాయట. వీటిలో దేనికి ఇప్పుడే కట్టుబడాలి, పరిశీలనలో ఉన్నవాటి విషయంలో మామూలు మనిషి ఏం చేయగలడు అని అడిగారు.

నేను మున్సిపల్ సర్వీసులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే పనిచేశాను. ఎజెండా కట్టడం, మినిట్స్ (సమావేశంలో ఏం తేలిందో నమోదు) రాయడం, తీర్మానాల కాపీలు పైకి పంపడం, పైనుంచి వచ్చిన కొర్రీలకు జవాబులు రాయడం, ఇదే పని. అందుకని సూటిగానే చెబుతాను. ఆ ఐదింటిలో కౌన్సిల్ చేతులెత్తి ఓటేసినందువల్ల చట్టమైనది ఒక్కటీ లేదు. అలాగని అన్నీ ఉత్తిదే అని కొట్టిపారేయకండి. వాటిలో కొన్నింటికి చట్టం వేరేచోట ముందే ఉంది. కౌన్సిల్ దాన్ని గుర్తుచేసిందంతే. ఒకటైతే చట్టానికే విరుద్ధం. కాబట్టి 'పాసైందా లేదా' అని అడిగితే లాభం లేదు. 'ఏ చట్టం కింద పాసైంది, ఇప్పుడు ఏ దశలో ఉంది' అని అడగాలి.

మన పట్టణాల పాలన రాజ్యాంగంలోకి 74వ సవరణతో వచ్చింది. అది 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దానితోపాటు చేర్చిన 12వ షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధి దీపాలు, శ్మశానాలు, కబేళాలు ఇలా 18 అంశాలున్నాయి. ఆ జాబితా చూసి అవన్నీ కౌన్సిల్ సొంతం అనుకునేవారు చాలామంది. కొత్తగా గెలిచిన కౌన్సిలర్లు కూడా మొదటి ఆరు నెలలు అలాగే అనుకుంటారు. కానీ 243-డబ్ల్యు అధికరణ తీసి చదవండి. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఈ అధికారాలను మున్సిపాలిటీలకు 'ఇవ్వవచ్చు' అని ఉంటుంది, 'ఇవ్వాలి' అని కాదు. అంటే కౌన్సిల్‌కు స్వయంగా శాసనాధికారం లేదు. రాష్ట్ర చట్టం ఎంత ఇస్తే అంతే. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీలకు అది 1965 నాటి చట్టం. తెలంగాణలో 2019 నాటి చట్టం. హైదరాబాద్ మహానగరానికి విడిగా 1955 నాటి చట్టం ఉంది. మీది ఏ రాష్ట్రమో, మున్సిపాలిటీయో కార్పొరేషనో రాయలేదు గనక సెక్షన్ నంబర్ల జోలికి పోను. పద్ధతి మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే.

ఆ పద్ధతిలో కౌన్సిల్ నుంచి బయటికొచ్చేవి రెండు రకాలు. ఒకటి తీర్మానం. ఫలానా కాలువకు టెండరు ఆమోదం, ఫలానా దుకాణాల లీజు పొడిగింపు, ఫలానా పనికి పరిపాలనా అనుమతి లాంటివి. తీర్మానం ఆఫీసును కదిలిస్తుంది, కమిషనర్‌కు పని అప్పగిస్తుంది. రోడ్డు మీద పోయే మీ మీద దానికి నేరుగా ఏ పట్టూ లేదు. రెండోది బైలా, అంటే చట్టం ఇచ్చిన అధికారంతో స్థానిక సంస్థ తన పరిధికి చేసుకునే నిబంధన. ఇది నిజంగా చట్టం లాంటిదే. రాజ్యాంగం 13వ అధికరణ 'చట్టం' అంటే ఏమేమి వస్తాయో చెబుతూ ఆర్డినెన్సు, ఉత్తర్వు, రూలు, నోటిఫికేషన్‌తోపాటు బైలాను పేరుపెట్టి చేర్చింది. దాని బలం అది, దాని బలహీనత కూడా అదే. ప్రాథమిక హక్కులకు అడ్డమొస్తే హైకోర్టు బైలాను కూడా కొట్టేయగలదు.

బైలా ఒక్క సమావేశంలో పుట్టదు. మాతృచట్టంలో, అంటే మున్సిపాలిటీకి అధికారాలిచ్చిన రాష్ట్ర చట్టంలో, ఆ విషయం మీద బైలా చేసే అధికారం ఉండాలి. ముసాయిదా రాసి ప్రచురించాలి. జనం అభ్యంతరాలు చెప్పడానికి గడువివ్వాలి. వచ్చినవాటిని కౌన్సిల్ ముందు పెట్టాలి. ఆ తర్వాత ప్రభుత్వ ఆమోదం, చివరికి గెజిట్. రాష్ట్రాన్ని బట్టి, విషయాన్ని బట్టి చిన్నచిన్న తేడాలుంటాయి గానీ ముసాయిదా, అభ్యంతరాలు, ఆమోదం, ప్రచురణ అనే ఈ నాలుగు మెట్లలో ఏదైనా ఎగ్గొడితే కోర్టులో ఆ బైలా నిలబడటం కష్టం. పేపర్లో 'ఏకగ్రీవ ఆమోదం' అని హెడ్డింగు వచ్చిన రోజుకు చాలా సందర్భాల్లో మొదటి మెట్టు కూడా పూర్తయి ఉండదు.

ఇది తేల్చుకోవడానికి మినిట్స్ కాపీ సంపాదించండి. అందులో చర్చ ఎవరికీ అక్కర్లేదు, ఎవరో ఎవరినో తిట్టింది ఎటూ ఎక్కదు. ఆఖరి వాక్యం చూడండి. 'ఆమోదించడమైనది' అని మాత్రమే ఉంటే అది కౌన్సిల్ పరిధిలోనే తేలిపోయే ఆఫీసు పని. 'ప్రభుత్వ అనుమతికి లోబడి ఆమోదించడమైనది' అని ఉంటే ఫైలు ఇంకా ప్రయాణంలో ఉంది, అమల్లోకి రాలేదు. 'ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానించడమైనది' అంటే అది వినతిపత్రం, అంతకు మించి ఏమీ కాదు. 'వాయిదా వేయడమైనది' అంటే మీకు టైముంది. 'ర్యాటిఫై చేయడమైనది' అని కనిపిస్తే మాత్రం ఆగి చదవండి. పని ముందే జరిగిపోయింది, చైర్‌పర్సన్ ముందస్తు అనుమతి ఇచ్చారు, కౌన్సిల్ తర్వాత ముద్ర వేసింది అని దానర్థం. ఎజెండాలో లేకుండా సమావేశం రోజు చేతికిచ్చే టేబుల్ ఐటమ్స్ కూడా అంతే, జాగ్రత్తగా చూడాల్సినవి. కౌన్సిలర్లకే చదివే సమయం దొరకని అంశాలు అవి.

మరో సంగతి. కౌన్సిల్ తీర్మానం చట్టవిరుద్ధంగా ఉందనిపిస్తే దాన్ని అమలు చేయకుండా ప్రభుత్వానికి నివేదించే వీలు కమిషనర్‌కు ఉంటుంది. ప్రభుత్వం దాన్ని సస్పెండ్ చేయగలదు, రద్దూ చేయగలదు. పాలకవర్గం గడువు ముగిసి స్పెషల్ ఆఫీసర్ ఉంటే మరీ సులువు, కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం ఆయన సంతకంతో అయిపోతుంది. మీ ఊళ్లో ఇప్పుడు ఎవరున్నారో కూడా చూసుకోండి.

ఇక మీ ఐదు అంశాలు.

ప్లాస్టిక్ విషయంలో కౌన్సిల్ కొత్తగా చేసింది తక్కువ. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్ల ఉన్న ఇయర్ బడ్స్, డెకరేషన్ థర్మోకోల్ లాంటి ఒకసారి వాడి పారేసేవాటిని కేంద్రం నిబంధనల ద్వారా 2022 జూలై 1 నుంచే నిషేధించింది. క్యారీ బ్యాగులు 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదన్నది 2022 డిసెంబర్ 31 నుంచి ఉంది. ఇవి మీ కౌన్సిల్ తీర్మానం చేసినా చేయకపోయినా వర్తిస్తాయి. కాబట్టి షాపులో పలచటి కవర్లుంటే వాదనకు దిగొద్దు, తీసేయండి. చిక్కల్లా 5,000 రూపాయల దగ్గరే. జరిమానా ఎంతో చెప్పే అధికారం తీర్మానానికి లేదు. ఆ అంకె చట్టంలోనో, ప్రభుత్వ ఉత్తర్వులోనో, సరిగ్గా నోటిఫై అయిన బైలాలోనో ఉండాలి. మాతృచట్టం బైలా ఉల్లంఘనకు గరిష్ఠ పరిమితి పెడితే దాన్ని దాటకూడదు. మందపాటి కవర్లతో సహా మొత్తం ప్లాస్టిక్కే నిషేధమని తీర్మానంలో ఉంటే దానికి ఆధారం ఏ ఉత్తర్వో చూపించమనాలి.

చెత్త ఫీజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరికీ జేబు దగ్గర నొప్పి పుట్టేది ఇదే. కేంద్రం తెచ్చిన 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు (2026 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి) చెత్త ఉత్పత్తి చేసే ప్రతివారూ యూజర్ ఫీజు కట్టాలన్నాయి. కానీ ఎంత? 'స్థానిక సంస్థ బైలాలో చెప్పినంత' అన్నాయి. తీర్మానంలో చెప్పినంత అనలేదు. అందువల్ల బైలా లేకుండా ఉత్త తీర్మానం మీద రసీదు పుస్తకాలు అచ్చేయించి వసూలుకు వస్తే, ఆ వసూలుకు పునాది బలహీనం. పన్ను చట్టం ద్వారానే విధించాలని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతుంది. అది పన్నుకే కదా, ఫీజుకు కాదు కదా అనే వాదన ఒకటుంది. 1992లో అహ్మదాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారీ మూసేసింది. ఫీజైనా సరే, చట్టంలో స్పష్టమైన అధికారం లేకపోతే వసూలు చేయడానికి వీల్లేదంది.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది గుర్తుందిగా. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద పట్టణాల్లో చెత్తకు యూజర్ ఛార్జీలు మొదలయ్యాయి. జనం దాన్ని చెత్త పన్ను అని పేరు పెట్టి తిట్టుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక ముఖ్యమంత్రి అక్టోబర్ 2న మచిలీపట్నంలో దాన్ని రద్దు చేస్తున్నామని ప్రకటించారు. పెట్టడమూ తీసేయడమూ రెండూ రాష్ట్ర స్థాయిలోనే తేలాయి. మధ్యలో ఇంటి గుమ్మం దగ్గర మాటలు పడ్డది వార్డు సెక్రటరీలు, కౌన్సిలర్లు. నిర్ణయం ఒకచోట, నింద ఒకచోట అనేది మన పట్టణ పాలనలో మామూలైపోయింది. అందుకే కౌన్సిలర్ మీద అరిచే ముందు ఆ అంశం అతని చేతిలో ఉందో లేదో చూడమంటాను.

తోపుడు బండ్ల అంశం మీరు రాసిన రూపంలో నిలవదు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. అది పార్లమెంటు చేసిన చట్టం, మున్సిపల్ తీర్మానం దాని ముందు నిలబడలేదు. ముందు వ్యాపారుల సర్వే జరగాలి, గుర్తింపు సర్టిఫికెట్లు ఇవ్వాలి, అప్పటిదాకా ఉన్నవారిని ఖాళీ చేయించకూడదు. వేరేచోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకెళ్తే జాబితా రాసివ్వాలి. కూరలు, పళ్లు లాంటి పాడైపోయేవైతే వాళ్లు అడిగిన రోజే తిరిగివ్వాలి. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ అమ్మకూడదు అన్నదాంట్లో టౌన్ వెండింగ్ కమిటీ మాట ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. మీ కౌన్సిల్ ఈ కమిటీని అడగకుండా తీర్మానం చేసిందంటే బండ్లవాళ్ల సంఘానికి హైకోర్టులో గట్టి కేసే ఉంది. ట్రాఫిక్‌కు ఇబ్బంది నిజమే, కాదనను. దానికి దారి ఆ ప్రాంతాన్ని చట్టప్రకారం నో వెండింగ్ జోన్‌గా (అమ్మకాలకు వీల్లేని చోటుగా) ప్రకటించి, ప్రత్యామ్నాయ స్థలం చూపించడం. ఇది నెమ్మదిగా సాగే పని, అందుకే ఎవరికీ ఇష్టముండదు.

తెలుగు బోర్డుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దుకాణాలు, సంస్థల చట్టం కింద ఉన్న నిబంధనల్లో అది ఎప్పటి నుంచో ఉంది, చూసేది కార్మిక శాఖ. బోర్డు మార్చుకుంటే పోయేదేమీ లేదు.

కుక్కలను ఊరవతల వదిలేయాలన్న తీర్మానం చట్టానికి ఎదురు పోతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టిన కుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతిని నిలబెట్టింది. రేబిస్ ఉన్నవాటికీ, మీద పడి కరిచే స్వభావం ఉన్నవాటికీ మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ ఏడాది నవంబర్‌లో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని, అక్కడ మళ్లీ వదలొద్దని చెప్పింది. పిల్లలను కరుస్తున్నాయన్న మీ ఆందోళన అర్థమవుతుంది. కానీ ఈ తీర్మానాన్ని నమ్ముకుంటే పని జరగదు. పక్క ఊరి శివార్లలో వదిలిన కుక్కలు ఆ ఊరి సమస్య అవుతాయి, వాళ్లు తెచ్చి మళ్లీ మీ ఊళ్లో వదులుతారు. కౌన్సిల్‌ను అడగాల్సింది ఆపరేషన్ల కేంద్రానికి బడ్జెట్లో ఎంత పెట్టారు, ఏ ఏజెన్సీకి ఇచ్చారు అని. ఆ కేటాయింపు పూర్తిగా వాళ్ల పరిధిలోదే.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, ఇక్కడ సిటీ కౌన్సిలే చట్టాలు చేస్తుంది, మీ దగ్గర ఎందుకు చేయదు అని అడుగుతుంటారు. ప్రశ్నలో మీరూ ఆ పోలిక తెచ్చారు. న్యూయార్క్ సిటీ కౌన్సిల్‌లో 51 మంది సభ్యులు. వాళ్లు చేసేవాటికి పేరే 'లోకల్ లా'. బిల్లు పాసయ్యాక మేయర్‌కు 30 రోజుల గడువు. సంతకం పెట్టవచ్చు, వీటో చేయవచ్చు, ఏమీ చేయకుండా ఊరుకున్నా చట్టమవుతుంది. వీటో చేస్తే మూడింట రెండొంతుల మెజారిటీతో కౌన్సిల్ దాన్ని తోసిపుచ్చగలదు. 2019లో తెచ్చిన లోకల్ లా 97 అయితే 25,000 చదరపు అడుగులు దాటిన భవనాల కాలుష్య ఉద్గారాలకే పరిమితి పెట్టింది, 2024 నుంచి అమలు. మన కార్పొరేషన్లు కలలో కూడా అంత దూరం పోలేవు. మన దగ్గర బిల్డింగ్ రూల్స్ కూడా జీఓలుగా సచివాలయం నుంచే వస్తాయి. తెలంగాణలో 2012 నాటి 168 జీఓ, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి 119 జీఓ అలా వచ్చినవే. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ ఖాళీ స్థలం) ఎంత వదలాలో మీ కార్పొరేటర్ మార్చలేడు.

అయితే అక్కడా పైన రాష్ట్రం ఉంది. 2016లో న్యూయార్క్ కౌన్సిల్ క్యారీ బ్యాగుకు 5 సెంట్ల ఫీజు పెడుతూ చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చే ముందే 2017 ఫిబ్రవరిలో రాష్ట్ర శాసనసభ దాన్ని ఆపేసింది. మూడేళ్ల తర్వాత, 2020 మార్చి 1 నుంచి, అదే రాష్ట్రం తానే ప్లాస్టిక్ బ్యాగులను నిషేధించింది! నగరానికి ఎన్ని అధికారాలున్నా, కట్టుతాడు రాష్ట్రం చేతిలోనే ఉంటుంది. మన దగ్గర ఆ తాడు మరీ పొట్టి, అంతే తేడా.

బైలాలను కోర్టులు ఏ కళ్లతో చూస్తాయో చెప్పే పాత ఇంగ్లిష్ కేసు ఒకటుంది, క్రూస్ వర్సెస్ జాన్సన్, 1898. ఇంటికి 50 గజాల లోపు వీధిలో పాటలు పాడుతుంటే, ఆపమన్నాక ఆపాలని కెంట్ కౌంటీ కౌన్సిల్ బైలా చేసింది. కోర్టు దాన్ని సమర్థించింది. ప్రజలు ఎన్నుకున్న సంస్థ చేసిన బైలాను న్యాయమూర్తులు తమకు నచ్చలేదని కొట్టేయకూడదంది. ఒక వర్గాన్నే వేధించేలా ఉన్నా, దురుద్దేశంతో చేసినా, ఇంగితం ఉన్న మనిషెవడూ సమర్థించలేనంతగా స్వేచ్ఛలో జోక్యం చేసుకున్నా అప్పుడు మాత్రం చెల్లదంది. అంటే 'ఇది మాకు కష్టంగా ఉంది' అన్న ఒక్క మాటతో కోర్టుకెళ్తే పని కాదు. అధికారం లేకుండా చేశారనో, పద్ధతి పాటించలేదనో, వివక్ష చూపారనో చూపించాలి.

ఇక పరిశీలనలో ఉన్న రెండింటికి వద్దాం. మీ శక్తంతా వీటి మీద పెట్టమంటాను. పాసైనవాటి కంటే ఇవే మీ చేతిలో ఎక్కువ ఉన్నాయి.

ఆస్తి పన్ను ఎలా నడుస్తుందో ఆంధ్రప్రదేశ్ ఉదాహరణ చూడండి. 2020లో చట్ట సవరణ చేసి, వార్షిక అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కించే పద్ధతి తెచ్చారు. ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన 198 జీఓ నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం లోపు రేటు పెట్టుకోమంది. పద్ధతి ప్రభుత్వానిది, పై గీత కింది గీత ప్రభుత్వానివి. ఆ రెండు గీతల మధ్య ఎక్కడ ఆగాలన్నది మాత్రం పట్టణానికి వదిలారు. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ 0.11 కూ 0.15 కూ మధ్య తేడా మీ ఇంటి బిల్లులో మూడోవంతుకు పైనే. అభ్యంతరం రాసేటప్పుడు 'పన్ను పెంచొద్దు' అని రాస్తే ఆ కాగితం లెక్కల్లో చేరుతుంది, అంతే. 'ప్రతిపాదించిన రేటు ఇంత, పక్క మున్సిపాలిటీలో ఇంత, మా వార్డులో రోడ్డు, డ్రైనేజీ లేవు, అందుకే కనీస రేటుకు పరిమితం చేయండి' అని రాస్తే కౌన్సిలర్‌కు సమావేశంలో లేచి చదవడానికి ఒక వాదన దొరుకుతుంది.

మాస్టర్ ప్లాన్‌కైతే (ఏ స్థలం దేనికి వాడాలో, రోడ్లు ఎటు పోవాలో చూపే పట్టణ ప్రణాళికకు) తెలంగాణలోని కామారెడ్డి ఉదాహరణ ఉంది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు ఆందోళనకు దిగారు. అభ్యంతరాల గడువు నడుస్తున్న సమయం అది. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోవాలని తీర్మానం చేసింది. అదే ప్లాన్ ప్రభుత్వ ఆమోదం పొంది నోటిఫై అయిపోయి ఉంటే ఆ తీర్మానానికి ఆ బలం ఉండేది కాదు. అప్పుడు భూ వినియోగ మార్పిడి కోసం ఒక్కొక్కరూ విడివిడిగా ఫైలు పెట్టుకుని తిరగాల్సిందే. ముసాయిదా అనే మాట చూసి 'ఇంకా ఏమీ కాలేదులే' అనుకునేవాళ్లే చివరికి ఎక్కువ నష్టపోవడం నేను చూశాను. మ్యాపు దగ్గరకెళ్లి మీ సర్వే నంబర్ ఏ రంగులో ఉందో మీ కళ్లతో చూడండి. ప్రతిపాదిత రోడ్ల వెడల్పు కూడా చూడండి. ఇళ్లు పోయేది జోన్ల కంటే రోడ్లలోనే ఎక్కువ.

అభ్యంతరం కమిషనర్ పేరిట రాయండి. ఏ నోటిఫికేషన్, ఏ తేదీ, అందులో ఏ అంశం అన్నది మొదటి పంక్తిలోనే ఉండాలి. ఇన్‌వర్డ్‌లో (ఆఫీసుకు వచ్చే కాగితాలు నమోదు చేసే చోట) ఇచ్చి నంబర్, స్టాంపు వేయించుకోండి. అది లేని కాగితం ఇచ్చినట్టు లెక్క కాదు. ఒకే జిరాక్సు మీద రెండు వందల సంతకాలు పెట్టిస్తే ఆఫీసు దాన్ని ఒకే అభ్యంతరంగా చూసే ప్రమాదముంది. పది కుటుంబాలు పది రకాలుగా, తమ తమ ఇంటి సంగతి రాసి ఇవ్వడం మేలు. సమావేశానికి ముందే మీ వార్డు సభ్యుడిని కలిసి, వ్యతిరేకిస్తే అసమ్మతి మినిట్స్‌లో రాయించమని అడగండి. నోటితో వ్యతిరేకించి, మినిట్స్‌లో 'ఏకగ్రీవం' అని పడితే తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మీ పట్టణ జనాభా 3 లక్షలు దాటితే వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. చాలాచోట్ల కాగితం మీదే ఉంటాయి, అయినా అడగడంలో తప్పులేదు.

కాపీలు ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం ఉంది. కౌన్సిళ్ల సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయా అన్నది అడగకుండానే వెల్లడించాలని 2005 నాటి ఆ చట్టంలో 4వ సెక్షన్ చెబుతుంది. అయినా ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. 'మొత్తం మినిట్స్ కావాలి' అని కాకుండా ఫలానా తేదీ సమావేశం, ఫలానా అంశం, దాని ఆఫీస్ నోట్, తీర్మానం కాపీ, ప్రభుత్వానికి పంపిన లేఖ కాపీ అని విడివిడిగా అడగండి. ఆఫీస్ నోట్ మరవొద్దు. ఏ సెక్షన్ కింద ఆ ప్రతిపాదన పెట్టారో అందులోనే ఉంటుంది. ఉండకపోతే అదీ మీకు పనికొచ్చే జవాబే.

ఈలోపు శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి 5,000 కట్టమంటే ఏం చేయాలని అడిగారు. గొడవ పడొద్దు. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ బైలా కింద వేస్తున్నారో రసీదు మీద రాయమనండి. రాయకుండా డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు, కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపండి. రాసి ఇస్తే కట్టేసి, అభ్యంతరంతో కడుతున్నామని ఒక లేఖ ఇచ్చి దానికీ ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి. హైకోర్టు దాకా వెళ్లేంత డబ్బూ ఓపికా ఒక్క దుకాణదారుకు ఉండవు. వర్తక సంఘం తరఫున రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో ఒకే రిట్ పిటిషన్ వేస్తే ఖర్చు పంచుకోవచ్చు. అప్పుడు ఆ రసీదులు, ఇన్‌వర్డ్ నంబర్లే మీ సాక్ష్యాలు.

తీర్మానం కాపీ దొరికాక దాని ఆఖరి వాక్యం, ఆఫీస్ నోట్‌లో ఉదహరించిన సెక్షన్, మీ రాష్ట్రం పేరు రాయండి. చెత్త ఫీజు విషయంలో అభ్యంతరం ఎలా రాయాలో అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.